కుక్క మొరిగింది, గేమ్ మొదలైంది: గోల్కొండ 1687

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, కథలో పాత్రలుగా ఆడే ఆట. కథ నడిపేది గేమ్ మాస్టర్. చాలామంది ఒకేలా మొదలుపెడతారు: సత్రంలో నలుగురు కొత్తవాళ్లు, ఓ ముసలాయన వచ్చి పని అప్పగిస్తాడు. బోర్ కదా?

మన నార్సింగికి దగ్గర్లోనే గోల్కొండ ఉంది. 1687లో ఔరంగజేబు దాన్ని ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఓ రాత్రి మొఘల్ సైనికులు చప్పుడు లేకుండా గోడ ఎక్కుతున్నారు. ఊరకుక్క ఒకటి మొరిగింది. కాపలావాళ్లు లేచారు, దాడి ఫెయిల్. తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు వేయించాడని ఖాఫీ ఖాన్ రాశాడు.

సో, మీ గేమ్ అక్కడే మొదలెట్టండి. ‘అర్ధరాత్రి. బురుజు మీద మీరే కాపలా. కుక్క మొరుగుతోంది. ఏం చేస్తారు?’ పరిచయాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు వాళ్లు ఏదో ఒకటి చెయ్యాలి.

ఇంకో పద్ధతి. సెప్టెంబర్‌లో కోట పడింది బలంతో కాదు. అబ్దుల్లా ఖాన్ అనే సర్దారు లంచం తీసుకుని తలుపు తీయించాడు. అబ్దుర్ రజాక్ లారీ మాత్రం ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. అందుకే ఆటకి ముందు ఒక్క ప్లేయర్‌కి రహస్యంగా చీటీ ఇవ్వండి: ‘తలుపు తీస్తే డబ్బు నీది.’

కోట పడుతుందని అందరికీ తెలుసు. మీ టేబుల్ దగ్గర తలుపు తీసేదెవరో మాత్రం ఎవరికీ తెలీదు. గేమ్ మాస్టర్‌కి కూడా.