పావు రేటు రాత్రుల నుంచి 28 రోజుల నెల దాకా: మన ఇళ్లలో తెలుగు వినడానికి అయిన ఖర్చు

మన షోలాపూర్ తెలుగువాళ్ల చరిత్ర అనగానే మిల్లులు, మగ్గాలు, చాదర్లు, బీడీ కార్ఖానాలు, మార్కండేయుడి రథం గురించి రాసుకుంటాం. ఈసారి ఇంటి ఖర్చులో ఒక పద్దు గురించి రాస్తున్నాం. ఫోను, టీవీ, ఇంటర్నెట్. ఈ మూడింటి బిల్లు ఎట్లా తగ్గించుకోవాలని ఈ మధ్య ప్రతి ఇంట్లో అనుకుంటున్నారు. తగ్గించుకోవాల్సిందే. అయితే మన పెద్దలు ఈ ఖర్చును ఎట్లా అదుపులో పెట్టుకున్నారో ఒకసారి చూస్తే, ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు అన్నది మనకు తేటగా తెలుస్తుంది.

హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఉండేవాళ్లకు టీవీ బిల్లు అంటే టీవీ బిల్లే. మనకు అట్లా కాదు. మన పిల్లలు చాలామంది మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. తెలుగు అక్షరాలు రానివాళ్లే ఎక్కువ. వాళ్లకు తెలుగు చెవితో వచ్చిన భాష. ఆ చెవిన తెలుగు పడేది ఇంట్లో పెద్దల నోటి నుంచి, ఊరి నుంచి వచ్చే ఫోను నుంచి, టీవీ నుంచి. అందుకే ఖర్చు తగ్గిద్దామని కూర్చున్నప్పుడు మొదట పోయేది తెలుగు చానల్ అయితే, మనం కోసుకున్నది వంద రూపాయలు మాత్రమే కాదు.

1877లో ఇక్కడ మొదలైన జూనీ మిల్లు, దాని వెనక వచ్చిన మిల్లులు, చేనేత, తర్వాత పవర్‌లూమ్ పని మనవాళ్లను తెలంగాణ జిల్లాల నుంచి ఇటు తెచ్చాయి. ఊరికీ మనకూ మధ్య చాలాకాలం ఉన్నది పోస్టు కార్డే. 1980లలో దాని ధర 15 పైసలు. మరీ అవసరమైతే టెలిగ్రాం. అందులో మాటకింత అని లెక్క, కాబట్టి చావు కబురు కూడా నాలుగు మాటల్లో కుదించాల్సి వచ్చేది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ టెలిగ్రాం సేవను 2013 జూలైలో మూసేశారు.

ట్రంక్ కాల్ ఉండేది కానీ అది మన కూలికి అందే వస్తువు కాదు. బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. మామూలు కాల్ రేటు ఒకటైతే, అర్జెంట్‌కు దానికి రెట్టింపు, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు. మూడు నిమిషాలకు ఒక లెక్క. మూడో నిమిషం దగ్గర పడుతుంటే ఇటువాళ్లు గట్టిగా అరిచేవాళ్లు, అటువాళ్లు వినపడలేదనేవాళ్లు.

ఆపరేటర్ లేకుండా నేరుగా దూరపు ఊరికి ఫోను చేసే ఎస్టీడీ మన దేశంలో 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. అది మన పేటల్లోకి వచ్చింది మాత్రం 1980ల చివర, పసుపు రంగు బోర్డుల బూతులతో. ఆ బూతులో మీటర్ ఎట్లా తిరిగేదో అప్పటి పెద్దలకు బాగా తెలుసు. యూనిట్ ధర మారదు, ఒక యూనిట్‌కు దొరికే సెకన్లు మారతాయి. దూరం పెరిగితే సెకన్లు తగ్గుతాయి, రాత్రి పెరిగితే సెకన్లు పెరుగుతాయి. పగలు పూర్తి రేటు, సాయంత్రం దాటితే సగం, రాత్రి 11 దాటితే పావు. అదే డబ్బుకు నాలుగు రెట్ల మాటలు. అందుకే మన పేటల్లో బూతు ముందు వరుస కట్టేది రాత్రి 11కి. మగ్గం దిగినవాళ్లు, బీడీలు చుట్టి అప్పగించి వచ్చినవాళ్లు అక్కడే నిలబడేవాళ్లు. మాట్లాడాల్సింది చీటీ మీద రాసుకుని వచ్చేవాళ్లు. ముందు ఆరోగ్యం, తర్వాత పెళ్లి మాట, చివర డబ్బు మాట.

ఇంటికి ఫోను రావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్లు ఆగాల్సిన రోజులవి. అందుకే ఒక ఇంటి ఫోను వీధి మొత్తానిదయ్యేది. పెళ్లి పత్రికల మీద నంబర్ పక్కన ‘పీపీ’ అని అచ్చు వేసేవాళ్లు గుర్తుందా? ఆ నంబర్ పక్కింటివాళ్లది, పిలిస్తే వస్తారు అని అర్థం. ఖర్చు పంచుకోవడం అప్పుడు మనకు చిన్నతనం కాదు, పద్ధతి.

ఇక టీవీ. ముంబైకి దూరదర్శన్ 1972 అక్టోబర్ 2న వచ్చింది, హైదరాబాద్‌కు 1977లో. టీవీ టవర్ బలం దాని చుట్టూ కొంత దూరమే. షోలాపూర్‌కు హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. కాబట్టి హైదరాబాద్ బొమ్మ మనకు అందేది కాదు. మీడియం వేవ్ రేడియో తరంగాలు రాత్రిపూట దూరం పోతాయి గనక హైదరాబాద్ మాట మాత్రం గరగరలాడుతూ అందేది. రేడియోకైనా టీవీకైనా అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. 1980ల మధ్యలో గానీ ఆ లైసెన్సులు పోలేదు. టీవీలో తెలుగు చూడాలంటే పండుగ రోజు చందాలు వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చి, ఒక్క రాత్రిలో మూడు సినిమాలు చూడటమే. అద్దె ఒక్క రాత్రికి కాబట్టి నిద్ర అనే మాటే లేదు.

1995తో ఇది మారింది. ఆ ఏడాది జెమినీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. హైదరాబాద్‌లో పడిన తరంగమే షోలాపూర్‌లో, భివండీలో, బెంగళూరులో, బరంపురంలో పడుతుంది. కావాల్సింది దాన్ని పట్టి కేబుల్‌లో వేసే మనిషి. ఆ కేబుల్ మనిషి మన వీధిలోనే ఉండేవాడు. అప్పటి కేబుల్‌లో పట్టే చానళ్లు కొన్నే, వాటిలో ఏవి వేయాలన్నది అతని ఇష్టం. అందుకే నలుగురు కలిసి వెళ్లి అడిగేవాళ్లు. తెలుగు ఇళ్లు ఇన్ని ఉన్నాయి, తెలుగు వేయకపోతే కనెక్షన్ తీసేస్తాం అని చెప్పేవాళ్లు. వేసేవాడు. దానికి వేరే డబ్బు లేదు. బిల్లు అందరికీ ఒక్కటే. అంటే ఆ రోజుల్లో మన తెలుగు మన సంఖ్య వల్ల వచ్చింది.

తర్వాత సెట్‌టాప్ బాక్స్ వచ్చింది. చానల్‌కు ఇంత అని లెక్కగట్టే పద్ధతిని దక్షిణ ముంబైలో ముందే, 2006 డిసెంబర్ 31 నుంచి అమలు చేశారు. అప్పుడు కనీసం 30 ఉచిత చానళ్లకు 77 రూపాయలు, పే చానల్ ఒక్కోదానికి 5 రూపాయలు. మొత్తం కేబుల్ డిజిటల్ కావాలన్న గడువు ముంబైకి 2012 అక్టోబర్ 31, షోలాపూర్‌కు 2013 మార్చి 31. బొమ్మ బాగుపడింది, చానళ్లు వందల్లోకి పోయాయి. అయితే వీధిలో నలుగురు కలిసి అడిగే పని అక్కడితో ముగిసింది. ఇప్పుడు ప్రతి ఇల్లూ విడిగా అడగాలి, విడిగా కట్టాలి.

అసలు మలుపు 2019 ఫిబ్రవరి 1. ట్రాయ్ కొత్త నిబంధనలు ఆ రోజు అమల్లోకి వచ్చాయి. వంద చానళ్ల దాకా కనెక్షన్ రుసుము 130 రూపాయలకు మించకూడదు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆ పైన పే చానళ్లను ఒక్కొక్కటిగా ఏరుకోవచ్చు. బొకేలో పెట్టే చానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదు. నిజానికి ఇది మనలాంటి ఇళ్ల కోసమే చేసినట్టున్న నిబంధన. రెండు భాషల ఇంట్లో నాలుగు తెలుగు, రెండు మరాఠీ ఏరుకుంటే చాలు.

జరిగింది వేరు. ఏరుకోనివాళ్లను వాళ్ల వాడకం, భాష చూసి తగిన ప్లాన్‌లో వేయమని ట్రాయ్ చెప్పింది. మహారాష్ట్రలో ఇల్లంటే మరాఠీ, హిందీ అనుకున్నారు. మన పేటల్లో చాలా ఇళ్లకు ఆ ప్యాకే వచ్చింది. తెలుగు కావాలంటే దాని మీద ఇంకో తెలుగు ప్యాక్ కొనుక్కున్నాం. చూడని యాభై చానళ్లు కింద, చూసే నాలుగు చానళ్లు పైన. ఆ ప్యాక్ మీదే ఇప్పటికీ కడుతున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ధరలు పెరిగినప్పుడు ఆ ఇళ్లే ముందు తెలుగు తీసేస్తున్నాయి, ఎందుకంటే బిల్లులో అది ‘అదనం’ అని కనపడుతుంది.

ఫోను కథ దీనికి తలకిందులు. 1995లో సెల్‌ఫోను వచ్చినప్పుడు ఎత్తినందుకు కూడా డబ్బు పోయేది. 2003 మే నుంచి వచ్చే కాల్ ఉచితమైంది. అప్పుడు మనవాళ్లు మిస్డ్ కాల్ భాష కనిపెట్టారు. ఒక రింగ్ అంటే బస్సు దిగాం, రెండు అంటే తిరిగి చెయ్యి. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నాయి. షోలాపూర్, సిరిసిల్ల మధ్య దూరం ఆ రోజు బిల్లులో నుంచి పోయింది. 2011 జనవరి నుంచి నంబర్ మారకుండా కంపెనీ మారే వీలు, 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా అదే నంబర్ ఉంచుకునే వీలు వచ్చాయి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక మాటకు ధర కట్టడమే ఆగిపోయింది, డేటాకు ధర కట్టడం మొదలైంది.

దాంతో పావు రేటు రోజుల జాగ్రత్త కూడా మనలో పోయింది. 2019 డిసెంబర్‌లో, 2021 చివర్లో, 2024 జూలైలో రేట్లు పెరిగాయి. ప్రతిసారీ గొణుక్కుని కట్టాం, లెక్క మాత్రం వేయలేదు. ఇప్పుడు వేద్దాం.

28 రోజుల ప్యాక్‌తో ఏడాదికి 13 సార్లు రీచార్జ్. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే 52 సార్లు. నెలకు ఇంత అని మనం అనుకునే ఖర్చు నిజానికి పదమూడు నెలల ఖర్చు. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి తప్పక పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. దుకాణంలో అడిగితేనే చెబుతారు. ఏ ప్లానైనా ధరను రోజులతో భాగించి రోజుకు ఎంత పడుతుందో చూడండి. అప్పుడు ఏది చౌకో తెలుస్తుంది.

రెండోది, ఇంట్లో పెద్దల ఫోను. బటన్ ఫోను వాడే నాయనమ్మకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఎందుకు? డేటా లేకుండా మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే ప్లాన్ ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని పెట్టాయి. ఏడాది చెల్లే ప్లాన్ కూడా వాటిలో ఉంది. ఇవి కూడా అడిగేవాళ్లకే దొరుకుతాయి.

మూడోది, ఇంట్లో వైఫై ఉండి కూడా నలుగురి ఫోన్లలో పెద్ద డేటా ప్యాక్‌లు. రోజంతా బయట తిరిగే మనిషికి అది అవసరం. ఇంట్లోనే ఉండేవాళ్లకు చిన్న ప్యాక్ చాలు. కొన్ని వైఫై, మొబైల్ ప్లాన్లలో ఓటీటీ కలిపి ఇస్తారు. అదే ఓటీటీకి విడిగా కూడా కడుతున్నామేమో చూసుకోవాలి.

నాలుగోది టీవీ. కనెక్షన్ రుసుముకు ఉన్న పరిమితిని 2024 జూలైలో ఎత్తేశారు కాబట్టి మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నాడో బిల్లులో విడిగా చూడండి. తర్వాత ఇంట్లో వారం రోజులు నిజంగా చూసిన చానళ్లు ఒక కాగితం మీద రాయండి. పది దాటవు. తెలుగువి నాలుగు, ఒక్కోటి 19 రూపాయల చొప్పున లెక్కేసినా 76, పన్నుతో 90 రూపాయల లోపే. ముందు వాటిని ఉంచి, మిగతావి ఆ తర్వాత ఏరుకోండి. అదనం అన్న వరుసలో తెలుగు కాదు, మనం చూడని ప్యాక్ ఉండాలి. అదీ కట్టలేని ఇంటికి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్స్ ఒకసారి కొంటే నెల బిల్లు లేదు, దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి.

ఇవేవీ పెద్ద విద్యలు కావు. కానీ మన ఇళ్లలో బీడీలు చుట్టే అక్కలకు, పవర్‌లూమ్ మీద ఉండే అన్నలకు ఈ నిబంధనలు ఎవరూ తెలుగులో చెప్పలేదు. బూతు దగ్గర పావు రేటు సంగతి ఒకరికి తెలిస్తే వారంలో పేటంతా తెలిసేది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది, ఎవరి బిల్లు వాళ్లకే తెలుసు. అందుకని సభ్యులకు ఒక మనవి. నెలకు ఒక ఆదివారం సంఘం కార్యాలయంలో రెండు గంటలు కూర్చుందాం. బిల్లులు, ఫోన్లు పట్టుకుని రండి. చదువుకున్న మన పిల్లలే ప్లాన్లు చూసి, చానళ్లు ఏరి పెడతారు. పెద్దలకు డబ్బు మిగులుతుంది. పిల్లలకు ఆ రెండు గంటలు పెద్దలతో తెలుగులో మాట్లాడే పని పడుతుంది.