నలుగురితో పొత్తు: కడప సీమ చెప్పు కథ

వృత్తిలో నెగ్గుకొని వచ్చినవానిని చూచి లోకులు "వానికి పలుకుబడి కలదు" అందురు. ఈ మాటను మనము తరచుగా కొంత ఈసుతోనే వాడుదుము. చాటుమాటు సిఫారసు లేవో మన మనస్సులో మెదలును. కాని పదమును విడదీసి చూచినచో అందు దోషమేమియు కానరాదు. పలుకు చెల్లుబడి యగుటయే పలుకుబడి. దూరముననున్న మనుష్యుడు మన మాటను నమ్మి తన పనిని, తన ధనమును, తన పేరును మనకు అప్పగించుటయే దాని సారము. వైద్యుడు గాని, వర్తకుడు గాని, పండితుడు గాని తలుపు మూసికొని యింటిలో కూర్చుండి వృత్తిని సాగింపలేడు. ప్రసంగములకు తగినవారిని వెదకి పిలుచుటయే పనిగాగల మావంటి రేడియోవారికి ఈ సంగతి అనుదినానుభవము.

ఈ పొత్తు ఎట్లు పుట్టును? ఎట్లు నిలుచును? ఎందువలన తెగిపోవును? ఈ ప్రశ్నలకు సమాధానమును వెదకుచు మనము దూరదేశములకు పోనక్కరలేదు. పెన్నాతీరముననున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, వాటికి దక్షిణముననున్న పులివెందుల – ఈ సీమల చరిత్రలోనే నాలుగు నిదర్శనములు కలవు.

మొదటిది గండికోట. జమ్మలమడుగునుండి రోడ్డుమార్గమున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్న కొండలను చీల్చుకొని పారుచోట ఈ దుర్గము నిలిచియున్నది. 1650 ప్రాంతమున దీనిని పెమ్మసానివారినుండి గోలకొండ సేనాని మీర్ జుమ్లా గైకొనెను. పారశీక దేశమునుండి వచ్చి, వజ్రవ్యాపారుల కొలువులో చిన్న గుమాస్తాగా బ్రతుకు మొదలిడి, కుతుబ్‌షాహీ ప్రభుత్వమునకు మంత్రియు సేనాపతియు నైన ఘనుడాతడు. అతనికి వజ్రపు గనులును, సముద్రముపై తిరుగు సొంత ఓడలును ఉండెడివి. 1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే ముత్యములను, మణులను వెంటగొని ఈ కోటకు వచ్చెను. మీర్ జుమ్లా కంటబడనిదే గోలకొండ సుల్తాను ఏ రత్నమును కొనడని అతడు వినియుండెను.

టవెర్నియే తన యాత్రాగ్రంథమున ఆ కొలువును వర్ణించినాడు. నవాబు కాలివ్రేళ్ల సందులను, ఎడమచేతి వ్రేళ్ల సందులను ఉత్తరములు ఇరికించుకొని కూర్చుండెనట. ఒకమారు కాలినుండి, ఒకమారు చేతినుండి ఒక్కొక్క కాగితమును తీసి, ఇద్దరు లేఖకులచేత ప్రత్యుత్తరములు వ్రాయించుచు, కొన్నిటిని స్వయముగా వ్రాయుచు, వ్రాసినవానిని చదివించి విని, తన చేతితోనే ముద్రవేయుచుండెనట. పిమ్మట కొన్నిటిని కాలిబంట్లకును, కొన్నిటిని రౌతులకును ఇచ్చి పంపించెను. ఆ కాలమున కాలిబంటు రౌతుకంటె ముందుగా పోవుచుండెనని టవెర్నియే చెప్పెను. దారి పొడవునను కొంత కొంత దూరమునకు చిన్న గుడిసెలు, వాటిలో ఇద్దరు ముగ్గురు మనుష్యులు సిద్ధముగానుందురు. వచ్చినవాడు ఉత్తరములను గుడిసె వాకిట నేలపై వేయును. చేతికి చేయి అందించుట అపశకునమని వారి నమ్మకము. లోపలివాడు వానిని ఎత్తుకొని తక్షణమే పరుగెత్తును.

ఇన్ని ఉత్తరములు నడుపుచున్నను, మణుల విలువ తేల్చుటకు మాత్రము వర్తకుడు కోటకు రావలసినదే, ఎదుట కూర్చుండవలసినదే. ఉత్తరము దారి తెరచును, బేరము ముఖాముఖిని తెగును. ఐనను ఆ బంధములన్నియు ఒక్కని చేతివ్రేళ్ల నడుమనే యుండెడివి. 1655లో కుతుబ్‌షా అతని కుటుంబమును చెరబట్టగా, మీర్ జుమ్లా మొగలు చక్రవర్తి పక్షమున చేరిపోయి, 1663లో అస్సాము దండయాత్రనుండి మరలుచు ఢాకా సమీపమున మరణించెను. గండికోటలో అల్లుకొనిన ఆ వర్తకపు తీగ అతనితోడనే లేచిపోయినది. అధికారముచుట్టును అల్లుకొనిన పరిచయములు అధికారముతోనే కదలిపోవును.

రెండవ నిదర్శనము 150 సంవత్సరముల తరువాతిది. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోసెను. అందువలననే దీనికి దత్తమండలములని పేరు వచ్చినది. ఈ ప్రాంతముల సర్వేకు పూనుకొనిన కల్నల్ కాలిన్ మెకంజీకి తెలుగు రాదు, కన్నడము రాదు, సంస్కృతము రాదు. ఐనను దక్షిణదేశ చరిత్రకు మూలాధారమైన సంచయమును అతడు కూర్పగలిగెను. దీనికి కారణము ఏలూరికి చెందిన కావలివారి సోదరులు. వారిలో బొర్రయ్య హళెగన్నడ శాసనములను చదివి వాటి గుట్టు విప్పిన ప్రతిభాశాలి. 1803లో, ముప్పది యేండ్లైనను నిండకముందే, ఆయన కాలధర్మము నొందెను. తనకు భారతీయ విద్యల ద్వారమును తెరచినవాడు బొర్రయ్యయేనని 1817లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో మెకంజీ కృతజ్ఞతతో ఒప్పుకొనెను. జైనులను గూర్చి బొర్రయ్య చేసిన అనువాదము ఏషియాటిక్ రిసెర్చెస్ 9వ సంపుటమున ఆయన పేరితోనే అచ్చుపడినది.

అన్న చనిపోయిన పిదప తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. పని జరిగిన తీరు గమనింపదగినది. సహాయకులు తాలూకా తాలూకాకు పోయి, గ్రామకరణములను, అర్చకులను, వృద్ధులను కలిసికొని, పాత కవిలెలను చూపింపుమని వేడుదురు. ఊరికి ఆ పేరెట్లు వచ్చినది, గుడి ఎవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యములెవరివి, పాళెగాండ్రెవరు అని విచారించి వ్రాయింతురు. అట్లు వ్రాయించినవే కైఫియతులు. తమ సంచారవృత్తాంతములను ఎప్పటికప్పుడు పై వారికి నివేదించుచుందురు. ఇది తేలికగా సాగిన పని కాదు. ఈ ఆరాలన్నియు కొత్త పన్నుకొరకేమో యని గ్రామస్థులు జంకెడివారు. కాగితముపై నున్న హుజూరు ఉత్తరువు కవిలెకట్ట ముడిని విప్పలేదు. ఊరిలో దిగి, అరుగుపై కూర్చుండి, నమ్మకము కలిగించినవారికే కరణము దానిని విప్పి చూపెను. గండికోట కైఫియతును, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంత గ్రామముల కైఫియతులును మనకు దక్కినవనిన, అది ఆ అరుగులమీది మాటలవలననే.

1821లో మెకంజీ మరణించెను. కంపెనీ ప్రభుత్వము లక్ష రూపాయలిచ్చి ఆ సంచయమును ఆయన భార్యవద్ద కొనెను. 1828లో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టికలో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనములు లెక్కకు వచ్చినవి. ఇంత పని చేసిన పరివారము ఏమైనది? లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీని నడుపుచు, ఆగిన పనిని తాము కొనసాగింతుమని అర్జీ పెట్టుకొనెను. 1836లో ఆ విషయము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వచ్చినప్పుడు జేమ్స్ ప్రిన్సెప్ దానిని త్రోసిపుచ్చెను. ఇట్టి కార్యమునకు లక్ష్మయ్యయే కాదు, ఏ దేశీయుడును చాలడని ఆయన యభిప్రాయము. తెలుగు పల్లెలలో ఎవరి కవిలె ఎచట నున్నదో ఎరిగిన మనుష్యుడు మద్రాసులో జీవించియుండగనే ఆ ఎరుక వ్యర్థమైపోయినది. అడిగి తీసికొన్నంతకాలము తీసికొని, అధికారమును పంచి యీయవలసివచ్చినప్పుడు చేయి వెనుకకు తీయుట ఎట్టి పొత్తునైనను చంపును. ఆ నష్టము లక్ష్మయ్య యొక్కనిది కాదు. నాడు అడుగవలసిన వృద్ధులు, చూడవలసిన కవిలెలు ఎన్నియో మరుగైపోయినవి. అది మన యందరి నష్టము.

మూడవ నిదర్శనము సి. పి. బ్రౌన్. 1820లో యువకోద్యోగిగా కడపకు వచ్చి, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మున్నగుచోట్ల పనిచేసి, తిరిగి కడప చేరినవాడు. కడపలో బంగళా కొని, పండితులను కూర్చి, స్వంత జీతమునుండియు, అది చాలక అప్పులు చేసియు వారికి వేతనములిచ్చెను. ఊరివారికి అది బ్రౌన్ కాలేజి. దానిని చూచుకొనినది అయోధ్యాపురము కృష్ణారెడ్డి. బ్రౌన్ ఎచ్చటికి బదిలీయైనను ఆ పని ఆగలేదు. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని తాళపత్రప్రతులను తెప్పించి, పోల్చి, పాఠములు దిద్ది, శుద్ధప్రతులు వ్రాసిరి. 1829లో వెలువడిన వేమన పద్యముల సంపుటమునకును, 1852లో వెలువడిన నిఘంటువునకును వెనుక ఇట్టి రాకపోకలు, ఉత్తరప్రత్యుత్తరములు నిండియున్నవి.

మెకంజీ కైఫియతులు శిథిలమగుచుండగా, వాటికి తిరిగి ప్రతులు వ్రాయించినవాడును బ్రౌన్ దొరయే. ఒకరు ఆపిన పనిని మరియొకరు అందుకొనుట ఇదియే. కాలిబంటు గుడిసె వాకిట పడవేసిన ఉత్తరమును లోపలివాడు ఎత్తుకొని పరుగెత్తుటవంటిది. ఐతే ఈ ఏర్పాటునందును ఒక లోపము కలదు. డబ్బిచ్చువాడొక్కడు, పుచ్చుకొనువారు పలువురు. బ్రౌన్ 1855లో స్వదేశమునకు మరలినతోడనే ఆ కడప కాలేజిని నిలుపువారు లేకపోయిరి. ఒక శతాబ్దమునకు పైగా గడచిన తరువాత జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికి తిరిగి, నలుగురి చందాలతో, ఆ బంగళా ఉండిన తావుననే బ్రౌన్ స్మారక గ్రంథాలయమును నెలకొల్పిరి.

నాలుగవ నిదర్శనమున యజమానియు లేడు, సేవకుడును లేడు. జమ్మలమడుగులో 1888లో జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధానియు, ఆ తాలూకాలోని నెమళ్లదిన్నెలో 1894లో జన్మించిన గడియారము వేంకటశేషశాస్త్రియు ప్రొద్దుటూరిని తమ నెలవు చేసికొనిరి. 1920 ప్రాంతమునుండి కొన్నేండ్లు ఇరువురును జంటగా అవధానములు చేసిరి. అవధానమనిన ఏమి? ఒక్కని ధారణాశక్తి ప్రదర్శనమని పలువురు తలంతురు. కాని ఎనమండుగురు పృచ్ఛకులు లేనిదే అష్టావధానము లేదు. సమస్య యిచ్చువాడు, దత్తపది యిచ్చువాడు, నిషిద్ధాక్షరి నడుపువాడు – వీరందరును ఆ విద్య నెరిగిన సాటివారే. అవధాని ఏ ఊరు పోయినను, ఆ ఊరిలోని సాహిత్యపరులెవరో ఒక్క సాయంకాలముననే తెలిసిపోవును. వారికిని అవధాని సత్తా తెలియును. తెలుగుదేశపు కవిపండితులకు ఇంతకంటె మేలైన పరిచయవేదిక మరియొకటి లేకుండెను.

ఆ జంటకవులు పిదప వేరువేరుగా పెద్దకావ్యములకు పూనుకొనిరి. దుర్భాకవారు రాణాప్రతాపసింహ చరిత్రను, గడియారమువారు శివభారతమును రచించిరి. ఇరువురును వీరచరితములనే ఎన్నుకొనిరి, ఇరువురికిని కీర్తి వచ్చినది. ఒకే యూరిలో, ఒకే తరహా కావ్యములతో, ఇద్దరు మహాకవులు నెగ్గుటకు ఆ చెలిమి అడ్డురాలేదు. అనంతపురము జిల్లా చియ్యేడులో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారికిని ప్రొద్దుటూరు ఉద్యోగమునిచ్చినది. శివతాండవము ఆ ఊరిలోనే పుట్టినది. సాటివారి గుంపు ఉన్నచోటికి మరియొక సాటివాడు వచ్చి చేరును. దుర్భాకవారు 1957లోను, గడియారమువారు 1980లోను గతించినను ప్రొద్దుటూరు సాహిత్యపు టూరను పేరు గతింపలేదు. ఏ యొక్కనిపైనను ఆధారపడని పొత్తునకు ఇదియే బలము.

నేడు చేతిలోని ఫోనులో వేలకొలది పరిచయములు ఇమిడిపోవుచున్నవి. ఒక వైద్యుడు ఖండాంతరముననున్న వైద్యుని క్షణములో పలుకరింపగలడు. పులివెందుల పిల్లవాడు అమెరికాలోని ఇంజనీరునకు అంతర్జాలముద్వారా తన పనితనమును చూపగలడు. మీర్ జుమ్లా కాలివ్రేళ్ల సందులలోని ఉత్తరములకంటె ఇవి ఎన్నోమడుగులు ఎక్కువ. కాని సాధనము మారినంతమాత్రమున మానవస్వభావము మారలేదు. అవసరమైనప్పుడు మాత్రమే పలుకరించువానిని ఎదుటివాడు నాడును గుర్తించెను, నేడును గుర్తించుచున్నాడు. ఏడాదికొక్కమారైనను ఎదురెదురుగా కూర్చుండని స్నేహము, ఎన్ని సందేశములు నడచినను, కవిలెకట్ట ముడిని విప్పింపలేదు.

కావున వృత్తిలో అడుగుపెట్టు యువకులకు మేము చెప్పునది స్వల్పము. పరిచయమును అడిగి సంపాదింపుడు, అందు సిగ్గుపడవలసినది లేదు. పొందిన సాయమును, చేసినవాని పేరితో, నలుగురిలో చెప్పుడు. బొర్రయ్య పేరు నేటికిని మనకు తెలియుట మెకంజీ ఆ ఒక్క మర్యాదను పాటించుటవలననే. మీకు తెలిసిన దారిని వెనుక వచ్చువారికి చూపుడు. తెలిసినవానిని వ్రాసి పెట్టుడు, వ్రాసినదానికి ఒకటికి రెండు ప్రతులు ఉంచుడు.

ఆ ప్రతులవలన కలుగు మేలు మన కన్నుల యెదుటనే యున్నది. ఇటీవలి దశాబ్దములలో కడపలోని సి. పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫియతులను సంపుటములుగా అచ్చువేసినది. పులివెందుల సీమలోని ఏ పల్లెవాడైనను నేడు వానిని తెరచి, తన ఊరి చెరువును గూర్చి, తన ఊరి గుడిని గూర్చి, రెండువందల యేండ్లనాటి కరణము చెప్పిన మాటను చదువుకొనవచ్చును. ఆ కరణము ఒక అపరిచితుని నమ్మి కవిలె విప్పెను. ఆ అపరిచితుడు దానిని పదిలముగా మరియొకరి చేతికి అందించెను.