పూత ఎందుకు రాలింది?

ఒక పాత కళ నశించినప్పుడు, ఆ రహస్యం ఉస్తాదులతోనే సమాధి అయిందని చెప్పి ఊరుకోవటం కొందరు కళాచరిత్రకారులకు అలవాటు. తుర్కీ దేశంలోని ఇజ్నిక్ పట్టణపు గాజుపూత పలకల విషయంలోనూ ఈ మాటే వినబడుతుంది. ఇది చరిత్ర కాదు. చరిత్రను తప్పించుకొనే ఉపాయం.

16వ శతాబ్దంలో ఇజ్నిక్ కుమ్మరులు ఇస్తాంబుల్ మసీదులకు పలకలు చేసియిచ్చారు. 1560 ప్రాంతాన కట్టిన రుస్తుం పాషా మసీదులో వాటి నీలం, ఎరుపు నేటికీ వన్నె తగ్గలేదు. ఆ బలమంతా పూతది కాదు. పలకలో నూటికి 80 పాళ్లదాకా పలుగురాతి పొడి. మిగిలింది గాజుపొడి, తెల్లమట్టి. ఆవంలో కాలి చల్లారేటప్పుడు ఇటువంటి పలకా, దానిమీది పూతా ఇంచుమించు సమంగా కుదించుకుంటాయి. అదే పూతను మామూలు మట్టిపలకకు పూస్తే, పూత మట్టికంటె ఎక్కువ కుదించుకొని పగుళ్లు పడుతుంది, కాలక్రమాన పెచ్చులూడుతుంది.

మరి చేతనైన పని ఎందుకు చెడింది? 1585 ప్రాంతంలో ఉస్మానీ ప్రభుత్వం వెండి నాణెం విలువను దాదాపు సగానికి దించింది. బజారులో ధరలు పెరిగాయి. పలక వెల మాత్రం సుల్తాను కొలువే నిర్ణయించేది. కొలువు పని ముగించనిదే వర్తకులకు సరుకు అమ్మరాదని ఆజ్ఞలు కూడా వెలువడ్డాయి. 1609-1616 మధ్య కట్టిన సుల్తాన్ అహ్మద్ మసీదుకు 20,000కు పైగా పలకలు కావలసివచ్చాయి. గిట్టని వెలకు పలుగురాయి నూరే కూలీ, ఆవానికి కట్టెలూ ఎక్కడినుంచి వస్తాయి? 17వ శతాబ్దపు పలకల్లో రంగులు చెదిరాయి, పూత మసకబారింది. ఒకప్పుడు 300 ఉన్న కార్ఖానాలలో 9 మాత్రమే మిగిలాయని ఆ శతాబ్ది మధ్యకాలపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశాడు. అంకెలో అతిశయం ఉండవచ్చు, పతనంలో లేదు. 18వ శతాబ్దారంభంలో ఇస్తాంబుల్‌లోనే ఆవాలు పెట్టించినా పాత నాణ్యం తిరిగి రాలేదు.

1993లో ఏర్పడిన ఇజ్నిక్ ఫౌండేషన్, శాస్త్రజ్ఞుల సహాయంతో, పలుగురాతి పలకను మళ్లీ సాధించింది. అంటే రహస్యం సమాధి కాలేదు; పలుగురాతిలోనే ఉన్నది. పాడైన పలకల ఖర్చు భరించే సంస్థ ఒకటి దొరికింది, పని సాగింది. 17వ శతాబ్దపు కుమ్మరికి ఆ ఖర్చు భరించేవాడు లేడు. పాడైన ప్రతి పలకా అతని కూటిలో కోతే.

కళల క్షీణతను విద్యార్థులకు బోధించేటప్పుడు, ప్రతిభ ఏమయిందని అడిగేముందు, చేసినవాడికి ఏమి ముట్టిందని అడగటం మన బాధ్యత.