రెండు గణితములు, ఏకఫలము

గాదెలో ఎన్ని పుట్ల ధాన్యము పట్టునో తెలియగోరువాడు దాని లోపలి ఘనపరిమాణమును గణించునే కాని, గోడల వైశాల్యమును కొలిచి తృప్తి చెందడు. ఇట్టి లోకానుభవమునకు విరుద్ధముగా, కృష్ణబిలమునందలి అంతర్గత స్థితుల సంఖ్యను సూచించు ఎంట్రోపీ, దాని ఉపరితల వైశాల్యమును అనుసరించి యుండునని 1970 దశకారంభమున జేకబ్ బెకెన్‌స్టైన్ ప్రతిపాదించెను. ఈ మతమును మొదట నిరాకరించిన స్టీఫెన్ హాకింగే, కృష్ణబిలములు ఉష్ణవికిరణమును వెలువరించునని 1974లో కనుగొని, తన గణితముచేతనే దానిని స్థిరపరచెను.

ఒక ప్రదేశమునందలి సమస్త వృత్తాంతమును దాని సరిహద్దు తలముపై లిఖింపవచ్చునన్న హోలోగ్రఫీ భావనను, 1993లో హాలండు దేశీయుడగు గెరార్డ్ ట్ హూఫ్ట్, పిదప లియొనార్డ్ సస్కైండ్ వెలయించిరి. కాని ఆ సరిహద్దుపై వర్తించు సిద్ధాంతమెట్టిదో చూపగల ఉదాహరణము వారికి లేకుండెను.

ఆ కొఱతను తీర్చినది గణకుల యోర్పు. 1996లో ఆండ్రూ స్ట్రామింజర్, కుమ్రున్ వాఫాలు స్ట్రింగ్ సిద్ధాంతమునందలి డి-బ్రేనుల (స్ట్రింగుల కొసలు అంటియుండు తలముల) స్థితులను లెక్కించి, ఒక ప్రత్యేకజాతి కృష్ణబిలమునకు హాకింగ్ చెప్పిన ఎంట్రోపీనే రాబట్టిరి. ఆ యేడే ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన అవినాశ్ ధర్, గౌతమ్ మండల్, స్పెంటా వాడియాలు కృష్ణబిలము వికిరణమును గ్రహించు, విడుచు తీరును డి-బ్రేనుల నడవడితో పోల్చి చూచిరి. సుమిత్ దాస్, సమీర్ మాథుర్‌ల గణనమున కృష్ణబిలమును, డి-బ్రేనులును వికిరణమును విడుచు వేగములు రెండును గుణకముతో సహా సరిపోయెను.

వేర్వేరు దారుల వచ్చిన ఫలములిట్లు పదేపదే ఏకమగుట యాదృచ్ఛికము కాజాలదని తలచి, అర్జెంటీనా దేశమున జన్మించి హార్వర్డునందు పనిచేయుచుండిన హువాన్ మాల్దసేనా, ఐదు మితుల యాంటీ-డిసిట్టర్ (ఋణ వక్రత గల) దేశకాలమునకు ఐదు మితుల గోళమును జోడింపగా ఏర్పడు జగత్తునందలి గురుత్వ సిద్ధాంతమును, గురుత్వమన్నదే లేని నాలుగు మితుల క్షేత్ర సిద్ధాంతమును వస్తుతః ఒక్కటే యని 1997 నవంబరులో ఊహించెను. మరుసటి యేటనే గబ్సర్, క్లెబనోవ్, పోలియకోవ్‌లును, విడిగా ఎడ్వర్డ్ విట్టెన్‌ను, ఒక ప్రక్కనున్న రాశి రెండవ ప్రక్క దేనికి సమానమో తెలుపు నియమములను ఏర్పరచిరి.

పరస్పరచర్యలు ప్రబలమైనచో క్షేత్ర సిద్ధాంతమున దుస్సాధ్యమగు లెక్క, ఆవలి ప్రక్క సుగమమగు గురుత్వ సమీకరణమై నిలుచుట, రెండు సిద్ధాంతములును ఒక్కటేయను ఈ ద్వంద్వత చేసిన మహోపకారము. ఇట్లు కృష్ణబిలముల మూలమున గణించిన స్వల్ప స్నిగ్ధతకు, బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో బంగారు కేంద్రకములను ఢీకొల్పగా పుట్టిన క్వార్కుల ద్రవపు స్నిగ్ధత చేరువగా నుండుట శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము గొలిపెను.

సంపూర్ణ నిరూపణము ఇంకను లభింపలేదు. త్వరితగతిని విస్తరించుచున్న మన విశ్వము యాంటీ-డిసిట్టర్ జాతికి చెందినదియు గాదు. అయినను ఈ ఊహకు గల ప్రామాణ్యము, అది పుట్టిన తీరుననే యున్నది: రెండు ప్రక్కల గణింప శక్యమైన చోట్ల ఫలము కుదురుచునే వచ్చినది.