మలుపులో పెద్ద ఎస్‌యూవీ ఎందుకు ఒరుగుతుంది? సస్పెన్షన్ గట్టి చేసే ముందు తెలుసుకోవాల్సినవి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బంధువులను ఎక్కించుకుని, మిగిలిన సూట్‌కేసులు పైన క్యారియర్ మీద కట్టి, అవుటర్ రింగ్ రోడ్డు ర్యాంపు ఎక్కుతుంటే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. మూడో వరుసలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారు, ఎవరో ఒకరికి వాంతి వచ్చేలా ఉంటుంది. రియాద్‌లోనో దుబాయ్‌లోనో యజమాని ల్యాండ్ క్రూజర్ నడిపే మనవాళ్లకీ ఇది బాగా తెలిసిన విషయమే. దీన్నే బాడీ రోల్ అంటారు. చాలామంది నేరుగా మెకానిక్ దగ్గరికెళ్లి "సస్పెన్షన్ గట్టిగా చేయి" అంటారు. డబ్బు వృథా అవడం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. ఎందుకంటే ఆ గట్టిదనం ఒక్క భాగంలో ఉండదు, ఒక్కో భాగం ఒక్కో పని చేస్తుంది.

ఒరగడానికి కారణం

మలుపులో టైర్లు నేలను పట్టుకుని బండిని లోపలికి తిప్పుతాయి. పైనున్న బరువు మాత్రం నేరుగా పోవాలని చూస్తుంది. ఆ బరువు ఎంత ఎత్తులో ఉంటే బాడీ అంత ఎక్కువగా బయటి వైపు వాలుతుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దీనికో లెక్క వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని, బరువు కేంద్రం నేల నుంచి ఉన్న ఎత్తుతో భాగిస్తారు. మామూలు కార్లకు ఇది ఎక్కువగా 1.30 నుంచి 1.50 వరకు వస్తుంది. ఎస్‌యూవీలు, వ్యాన్లకు 1.00 నుంచి 1.30 మధ్య ఉంటుంది. సంఖ్య తగ్గేకొద్దీ బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. బండి ధర కోటి దాటినా ఈ లెక్క మారదు. పైకప్పు మీద కట్టిన సామాను ఆ బరువు కేంద్రాన్ని ఇంకా పైకి తీసుకెళ్తుంది. అందుకే బరువైన పెట్టెలు కింద, తేలికవి పైన పెట్టాలి. తయారీదారు మాన్యువల్‌లో రూఫ్ లోడ్ పరిమితి రాసి ఉంటుంది, అందులో క్యారియర్ బరువు కూడా కలుస్తుంది.

ఒరగడం, బోల్తా పడటం ఒకటి కాదు. బాగా ఒరిగే బండి కూడా నాలుగు చక్రాల మీద నిలబడవచ్చు. నిజానికి కొంచెం ఒరగడం డ్రైవర్‌కి ఒక హెచ్చరిక లాంటిది, వేగం ఎక్కువైందని శరీరానికి ముందే తెలుస్తుంది.

ఏ భాగం ఏ పని చేస్తుంది

స్ప్రింగులు (కొన్ని బండ్లలో వాటి బదులు గాలి బెలోస్) బరువు మోస్తాయి. ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీని స్టెబిలైజర్ బార్ అంటారు. బండి ఒరిగితే అది మెలితిరిగి ఎదురు నిలుస్తుంది. షాక్ అబ్జార్బర్ల పని వేరు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

షాక్ అబ్జార్బర్ కదలిక వేగాన్ని అడ్డుకుంటుంది. కదలిక ఆగిపోయాక అది చేసేదేమీ ఉండదు. అంటే హైవే మీద గబుక్కున లేన్ మారితే గట్టి షాకులు బండిని తూగకుండా పట్టుకుంటాయి. కానీ ర్యాంపు లాంటి పొడవాటి మలుపులో బండి చివరికి ఎంత వాలుతుందో నిర్ణయించేది స్ప్రింగులు, బార్లే. ఆ వాలు దగ్గరికి ఎంత త్వరగా చేరుతుందో మాత్రమే షాకుల చేతిలో ఉంటుంది. స్పోర్ట్ బటన్ నొక్కినా ర్యాంపు మీద అంతే ఒరుగుతోందంటే బండి పాడైనట్టు కాదు. చాలా బండ్లలో ఆ బటన్ షాకులను మాత్రమే బిగిస్తుంది. టయోటా, లెక్సస్‌లలో ఉండే ఏవీఎస్, క్యాడిలాక్ ఎస్కలేడ్‌లో ఇనుప రేణువులు కలిపిన ద్రవంతో పనిచేసే మాగ్నరైడ్ ఈ రకానివే. 2017లో వచ్చిన మూడో తరం పోర్షే కయెన్‌లో ఉన్న మూడు గదుల ఎయిర్ సస్పెన్షన్ లాంటివి మాత్రం స్ప్రింగు గట్టిదనాన్ని కూడా మార్చగలవు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లు వేగం పెరిగినప్పుడు ఎత్తు కూడా తగ్గించుకుంటాయి, అది నిజంగా ఉపయోగపడుతుంది.

లావు బార్ వేస్తే సరిపోదా?

స్టెబిలైజర్ బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల బార్ తీసేసి అదే ఆకారంలో 28 మిల్లీమీటర్లది వేస్తే గట్టిదనం దాదాపు 57 శాతం పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్లకే ఇంత తేడా అంటే ఆశ పుడుతుంది. కానీ దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. పక్కకి తోసే బలం వేగం వర్గంతో మారుతుంది. ర్యాంపు మీద 50 కిలోమీటర్ల వేగాన్ని 40కి తగ్గిస్తే ఆ బలం 36 శాతం తగ్గుతుంది. ఒరగకుండా పట్టుకునే పనంతా బార్లే చేస్తున్నాయనుకున్నా, ముందూ వెనకా రెండూ అలా లావువి వేస్తే ఒరుగుడు తగ్గేది సరిగ్గా అంతే, 36 శాతం. స్ప్రింగులు కూడా పని పంచుకుంటాయి కాబట్టి అసలు తగ్గేది ఇంకా తక్కువ. పది కిలోమీటర్లు తగ్గించడానికి పైసా ఖర్చు కాదు.

లావు బార్‌తో నష్టాలూ ఉన్నాయి. అది రెండు చక్రాలను కట్టేస్తుంది కాబట్టి ఒక చక్రం గుంతలో పడితే కుదుపు రెండో వైపుకీ పాకుతుంది, లోపల తలలు అటూఇటూ ఊగుతాయి. పిల్లల వాంతులు ఆపాలని వేసిన బార్ పాడైన రోడ్డు మీద వాళ్లను ఇంకా ఇబ్బంది పెట్టవచ్చు. వెనక బార్ ఒక్కటే లావు చేస్తే ముప్పు ఎక్కువ. తడి రోడ్డు మీద మలుపులో వెనక టైర్లు ముందుగా పట్టు వదిలే అవకాశం పెరుగుతుంది. కంపెనీలు ముందు బార్, వెనక బార్ లెక్కగట్టి జతగా పెడతాయి, అందుకే ఒక్కదాన్నే మార్చడం మంచిది కాదు.

ల్యాండ్ క్రూజర్‌లో ఉన్న ఉపాయం

రోడ్డు మీద బార్ గట్టిగా ఉండాలి, ఇసుకలో రాళ్లలో అసలు లేనట్టే ఉండాలి. ఈ రెండూ ఒకే బండిలో ఎలా కుదురుతాయి? ఆస్ట్రేలియాలోని కైనెటిక్ సంస్థ రూపొందించిన పద్ధతిలో దీనికి జవాబు దొరికింది. దీన్నే కేడీఎస్‌ఎస్ అంటారు. 2004 మోడల్ లెక్సస్ జీఎక్స్ 470లో వచ్చింది, తర్వాత ల్యాండ్ క్రూజర్ 200లోనూ పెట్టారు. ముందు బార్‌కీ వెనక బార్‌కీ ఒక్కో హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది, రెండింటినీ ఆయిల్ పైపులు కలుపుతాయి. మలుపులో ముందూ వెనకా ఒకే వైపు ఒరగబోతాయి కాబట్టి ఆయిల్‌కి పోయే దారి ఉండదు, బార్లు గట్టిగా పనిచేస్తాయి. గుంతల్లో ముందు ఒక వైపు, వెనక ఇంకో వైపు కదిలితే ఆయిల్ ఇటు నుంచి అటు పారుతుంది, బార్లు వదులవుతాయి. 2021లో వచ్చిన ల్యాండ్ క్రూజర్ 300 జీఆర్ స్పోర్ట్‌లో దీన్నే ఎలక్ట్రానిక్‌గా మార్చారు. అన్ని వేరియంట్లలో ఇది ఉండదు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అడిగి చూసుకోవాలి. బెంట్లీ బెంటేగా, ఆడి ఎస్‌క్యూ7లలో అయితే 48 వోల్టుల మోటార్లే బార్‌ను అవసరమైనంత మెలిపెడతాయి.

ఖర్చు పెట్టే ముందు

కొత్తలో ఇంత ఒరగలేదు, ఇప్పుడు ఒరుగుతోంది అంటే గట్టి భాగాలు కొనాల్సిన పని లేదు, అరిగినవి మారిస్తే చాలు. బార్ బుష్‌లు, లింకులు, షాకుల దగ్గర ఆయిల్ కారడం చూపించుకోవాలి. బుష్‌లు, లింకుల ఖర్చు కొత్త సస్పెన్షన్ కిట్ ముందు చాలా చిన్నది. ఎయిర్ సస్పెన్షన్ అయితే రబ్బరు బెలోస్ పగుళ్లు చూడాలి. రాత్రి పార్క్ చేసిన బండి తెల్లారేసరికి ఒక మూల దిగిపోతే గాలి లీకవుతోందనే అనుమానించాలి. అలాగే వదిలేస్తే కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగి తిరిగి అదీ పోతుంది.

అన్నిటికన్నా ముందు టైర్లలో గాలి. డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది, నిండా మనుషులు సామాను ఉంటే వేరే సంఖ్య ఇస్తారు. గల్ఫ్‌లో ఇసుకలోకి దిగేటప్పుడు 15 పీఎస్‌ఐ దగ్గరికి గాలి తగ్గించడం మామూలే. యజమాని కుటుంబాన్ని ఎడారి నుంచి తిరిగి తెచ్చేటప్పుడు గాలి నింపకుండా హైవే ఎక్కితే టైరు పక్క గోడ మడతపడి వేడెక్కుతుంది, బండి తేలిపోతున్నట్టు ఊగుతుంది. సౌదీలో కొన్ని హైవేల మీద 140 వరకు అనుమతి ఉంది. ఆ వేగంలో టైరు పగిలితే ఏ సస్పెన్షనూ కాపాడలేదు. కంప్రెసర్ బండిలోనే పెట్టుకోవాలి, లేదంటే దగ్గరి పెట్రోల్ బంకు వరకు నెమ్మదిగా వెళ్లి నింపించుకోవాలి.

మన దగ్గర మార్పులు చేయించేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే చెప్పింది. లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచితే ఒరుగుడు పెరుగుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా పేచీ రావచ్చు. కేడీఎస్‌ఎస్ ఉన్న బండికి స్ప్రింగులు మార్చాల్సి వస్తే, ఆ హైడ్రాలిక్ వాల్వులు తెరిచి మళ్లీ బిగించే పద్ధతి తెలిసిన చోటే చేయించాలి. ఆ పని చేయకుండా బిగించేస్తే బండి చదునైన నేల మీద కూడా ఒక పక్కకి వాలి నిలబడుతుంది.