‘ఎందుకట?’ ‘చెప్పరమ్మా!’

సోమవారం పొద్దున. కార్తీకం కాదు, శివరాత్రి జాతర కాదు కాబట్టి కీసరగుట్ట మీద తోపులాట లేదు. ఆరుబయట ఉన్న లింగాలకు ఆడవాళ్లు నూనె పోసి పసుపు రాస్తున్నారు. బండలన్నీ జిడ్డు. కింద చూసుకుని నడవండి, కాలు జారుతుంది. చేతిలో కొబ్బరిచిప్ప ఉంటే దాచేయండి, కోతులు కనిపెట్టే ఉన్నాయి.

అదిగో, నీడలో గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మాయి. బీకాం కంప్యూటర్స్, ఆపైన ఎంబీఏ ఫైనాన్స్. వాళ్లమ్మ నూనె సీసా ఖాళీ చేసి వచ్చేలోపు ఫోన్‌లో మెయిల్ పడింది. ముందు ఆమె పేరు, తర్వాత థాంక్యూ, ఆ వెంటనే ‘అన్‌ఫార్చునేట్లీ’. అక్కడే ఆపేసింది. మిగతాది ఆమెకు కంఠతా వచ్చు.

“ఏందట?”

“సెలెక్ట్ చేయలేదట.”

“ఎందుకట?”

“చెప్పరమ్మా!”

అమ్మ పక్కన కూర్చుని కథ ఎత్తుకుంది. శ్రీరాముడు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకున్నాడు. హనుమంతుణ్ని కాశీకి పంపాడు. అతను తిరిగి రావడం ఆలస్యమైంది, ముహూర్తం దాటిపోయేలా ఉంది. శివుడే ప్రత్యక్షమై లింగం ఇస్తే రాముడు దాన్నే ప్రతిష్ఠించాడు. 101 లింగాలు మోసుకొచ్చిన హనుమంతుడు అలిగి వాటిని విసిరేశాడు. గుట్టంతా పరుచుకున్నవి అవేనని ఇక్కడివాళ్ల నమ్మకం.

“చూడు బిడ్డా, అప్పుడు వద్దన్నవాటికే ఇయ్యాల పూజలు.”

“హనుమంతునికి లేటయిందని తెలుసు గదనే. నాకు అది కూడ తెల్వదు.”

అమ్మ దగ్గర దీనికి జవాబు లేదు. లేచి ప్రసాదం కోసం వెళ్లింది.

బ్యాంకు పరీక్షలు రాయమని ఇంట్లో పోరు. అందులో ఒక సుఖం ఉంది, ఒప్పుకోవాలి. ఐబీపీఎస్ పీవోలో తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు, మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున వెయిటేజీ వేస్తారు. పోయినా స్కోరు కార్డు వస్తుంది, కటాఫ్ తెలుస్తుంది. ప్రైవేటులో అదీ లేదు. ఫ్రెషర్లు కావాలంటారు, అనుభవం అడుగుతారు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం బ్యాంకింగ్, ఫైనాన్స్, బీమా కొలువుల కోసం 10,000 మంది విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే, కానీ అది ఇంకా కాలేజీలో ఉన్నవాళ్లకు.

ఇక దూరం సంగతి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కీసర పక్కనుంచే పోతుంది, అటు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కూ పోతుంది. కారున్నవాళ్లకు బాగానే ఉంటుంది. ఈమె చీకటితోనే లేచి ఈసీఐఎల్ చౌరస్తా బస్సెక్కి, అక్కడ మరో బస్సు పట్టుకోవాలి. ఇస్త్రీ చేసిన కుర్తా మాదాపూర్ చేరేసరికే నలిగి ఉంటుంది.

ఆమె ఫోన్‌లోకి ఒకసారి తొంగిచూడండి, ఏమీ అనుకోదు. ఎక్సెల్ షీటు. కారణం చెప్పని మెయిళ్లకు బూడిద రంగు. ఇంటర్వ్యూలో ఫలానా ప్రశ్న దగ్గర నోరు పెగలలేదని తనకే తెలిసినవాటికి పసుపు రంగు. బూడిద వరసలను మళ్లీ తెరవదు. ధైర్యంగా ఉండమని అందరూ చెబుతారుగానీ, దేనికి ఏడవక్కర్లేదో ఇలా వేరుచేసి చూపించినవాళ్లు లేరు. తనే కనిపెట్టుకుంది.

సాయంత్రం ఇంటి ముందు నాయిన ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. ఆమె మెట్టు మీద పసుపు వరసలో పైనున్న ప్రశ్న పట్టుకుని కూర్చుంది: డిప్రిసియేషన్ 100 రూపాయలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏమవుతుంది? ఆ రోజు ‘లాభం తగ్గుతుంది సార్’ అని ఆగిపోయింది. ఇప్పుడు డీజిల్ బిల్లు వెనక రాస్తోంది. పన్ను 25 శాతం అనుకుంటే పన్ను 25 తగ్గుతుంది, నికర లాభం 75 తగ్గుతుంది. క్యాష్‌ఫ్లోలో ఆ 100 తిరిగి కలిపితే నగదు 25 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీటులో నగదు 25 ఎక్కువ, బండి విలువ 100 తక్కువ. ఇటు 75 తగ్గింది, అటు రిజర్వుల్లోనూ 75 తగ్గింది. కుదిరింది.

“లాభం తగ్గితే పైసలెట్ల పెరుగుతయే?” నాయిన పైపు ఆపాడు.

“బండి అరిగింది. అరిగినందుకు నువ్వు ఎవ్వలకన్న పైసలిచ్చినవా? లేదు గద. పన్ను మాత్రం తగ్గింది.”

“మరి కిస్తీ?”

ఈ ప్రశ్న ఇంతవరకు ఏ ఇంటర్వ్యూలోనూ రాలేదు. ఒక్క క్షణం పెన్ను ఆగింది.

“కిస్తీల వడ్డీ ఒక్కటే లాభంలకెల్లి పోతది నాయినా. అసలు పోదు.”

“పోదంటవేందే! నెల నెలా నా జేబులకెల్లే పోతున్నది.”

ఆమె బిల్లు పక్కన పెట్టి, ఇంకో బిల్లు అడిగి, దాని మీద ‘ఫైనాన్సింగ్’ అని రాసి కింద గీత గీసింది. “ఇట్ల రా, కూసో. చెప్త.”