మూత్రపిండ మార్పిడి తర్వాత మందుల వాడకం

మార్పిడి చేయించుకున్నవారు రోగనిరోధక శక్తిని అణచే మందులను కొత్త కిడ్నీ పనిచేసినంత కాలం, వేళ తప్పకుండా వేసుకోవాలి. అమర్చిన కిడ్నీ చెడిపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఈ క్రమం తప్పడం ఒకటి.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మరే బృందం చేసిన తొలి విజయవంతమైన మార్పిడికి ఈ మందుల బెడద లేదు. దాత, గ్రహీత ఒకే పోలిక కవలలు కావడంతో శరీరం ఆ కిడ్నీని పరాయిదనుకోలేదు. మిగతావారికి ఆ వెసులుబాటు ఉండదు. 1983లో అమెరికాలో అనుమతి పొందిన సైక్లోస్పోరిన్ పరిస్థితిని చాలా మార్చింది. ఇప్పుడు ఎక్కువమందికి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ మూడూ కలిపి ఇస్తున్నారు.

వీటిలో చిక్కంతా టాక్రోలిమస్‌తోనే. రక్తంలో అది తగ్గితే శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది, పెరిగితే అదే కిడ్నీకి హాని చేస్తుంది, చేతులు వణుకుతాయి. మామూలు రకాన్ని 12 గంటల ఎడంతో రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. పరీక్షకు రక్తం ఉదయపు మోతాదుకు ముందే ఇవ్వాలి. అందుకే ఆ రోజు పేషెంట్లు మాత్ర జేబులో పెట్టుకుని ల్యాబుకు వస్తారు, రక్తం ఇచ్చాక వేసుకుంటారు. ఇంట్లోనే వేసుకుని వస్తే అంకె ఎక్కువగా వస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే ముప్పే. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీని స్థాయిని పడగొడుతుంది. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే కొన్ని మాత్రలు, గ్రేప్‌ఫ్రూట్ పెంచుతాయి. మెడికల్ షాపులో ఇచ్చిన వేరే కంపెనీ మాత్రకు డాక్టర్‌ను అడగకుండా మారకూడదు.

మందు మానిన మర్నాడు ఏమీ కాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. దాత కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు చడీచప్పుడు లేకుండా తయారవుతాయి. కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తంలో పెరిగేసరికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. వాపుల్లేవు, మూత్రం బాగానే వస్తోంది అన్న ధీమాతో మోతాదు తగ్గించుకునేవారు ఇలాగే దెబ్బతింటారు.

అయితే మందు మానడాన్ని నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం. క్రమం ఎక్కువగా తప్పేది కౌమారంలో. ప్రెడ్నిసోలోన్‌తో మొహం ఉబ్బి, మొటిమలు వస్తే ఆ వయసువారికి మాత్ర మీదే కోపం వస్తుంది. పెద్దవారిలో మరుపు, రోజుకు మింగాల్సిన మాత్రల సంఖ్య, మానసిక కుంగుబాటు కారణాలవుతాయి. అన్నిటికన్నా మొండి సమస్య డబ్బు. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారిదే, మందుల ఖర్చు నెలనెలా ఉంటుంది.

ఒక మోతాదు తప్పితే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదు, మార్పిడి విభాగానికి ఫోన్ చేసి అడగాలి. వాంతి అయినా అంతే. ఫోన్‌లో అలారం, వారానికి సరిపడా గళ్ల మాత్రల డబ్బా, రోజుకు ఒక్కసారి వేసుకునే టాక్రోలిమస్ రకం కొంత మేలు చేస్తాయి కానీ, కొనే స్తోమత లేనివారికి అలారం ఏం చేస్తుంది? అమెరికాలో 65 ఏళ్లలోపువారికి కిడ్నీ జబ్బు మీద వచ్చిన ప్రభుత్వ బీమా మెడికేర్, మార్పిడి జరిగిన 36 నెలలకు ఆగిపోయేది. వేరే బీమా లేనివారికి ఈ మందుల వరకు ఆ గడువును 2023 జనవరి నుంచి ఎత్తివేశారు.